నల్ల టీషర్ట్ మీద ట్రాన్స్‌ఫర్ పేపర్ ప్రింట్ రెండు ఉతుకులకే లేచిపోతోంది, తేడా ఎక్కడ?

ఖమ్మం_కొత్తప్రెస్

అందరికీ నమస్తే. ఇంట్లోనే చిన్నగా టీషర్ట్ ప్రింటింగ్ మొదలుపెట్టాను. 15 బై 15 అంగుళాల హీట్ ప్రెస్ (వేడి ప్లేటుతో నొక్కే యంత్రం), మామూలు ఇంక్ ట్యాంక్ ప్రింటర్, తిరుప్పూర్ మాలు 180 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి 180 గ్రాముల బరువు) బయోవాష్ (నూగు పోయేలా ఉతికిన) కాటన్ టీషర్ట్‌లు, ముదురు రంగు బట్టలకి వాడే డార్క్ ట్రాన్స్‌ఫర్ పేపర్ (బొమ్మ ప్రింట్ చేసి వేడితో బట్టకి అతికించేది), ఇదీ నా సరంజామా. వినాయక చవితికి మా వీధి కుర్రాళ్లు నల్ల టీషర్ట్‌లు ఓ నలభై కావాలంటున్నారు, ముందు గణపయ్య బొమ్మ, వెనక కమిటీ పేరు. శాంపిల్ తీస్తే ప్రెస్ మీంచి దిగినప్పుడు కళ్లు చెదిరేలా ఉంది. రెండు ఉతుకులు పడేసరికి పై అంచు లేచింది, పొట్ట దగ్గర సన్నగా పగుళ్లు వచ్చాయి, ఎరుపు కూడా కాస్త వెలిసింది. పేపర్ అమ్మిన షాపులో అడిగితే టెంపరేచర్ పెంచమన్నారు, 200 పెట్టి చూస్తే తెల్ల భాగం పసుపు తిరిగింది. తేడా పేపర్‌లోనా, ప్రెస్‌లోనా, ఇంకులోనా? అడ్వాన్స్ తీసుకోవాలా వద్దా అని టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

జెర్సీ_రాజా

పేపర్ గొడవ వదిలేసి సబ్లిమేషన్‌కి మారిపో బ్రదర్. నేను క్రికెట్ జెర్సీలన్నీ దానిమీదే చేస్తున్నా, ఎన్ని ఉతుకులైనా రంగు కదలదు, చేత్తో తడిమితే ప్రింట్ ఉందని కూడా తెలియదు.

ప్రెస్సు_పాత (హైదరాబాద్)

రాజా బ్రదర్, పాలిస్టర్ జెర్సీల విషయంలో మీ మాట నిజమే, కానీ తమ్ముడు అడుగుతున్నది నల్ల కాటన్. సబ్లిమేషన్ రంగు 190-200 డిగ్రీల దగ్గర ఆవిరై పాలిస్టర్ పోగులోకి దూరుతుంది, కాటన్ పోగు దాన్ని పట్టుకోదు, పైగా సబ్లిమేషన్‌లో తెల్ల ఇంకే లేదు కాబట్టి నలుపు మీద ఏం వేసినా కనపడదు. తమ్ముడూ, ఆ దారిలో డబ్బులు పెట్టకు.

ఇక నీ సమస్య. చేతిలో పట్టుకుంటే ఒక్క కాగితమే అనిపిస్తుంది గానీ అది పొరలు పొరలుగా ఉంటుంది, ఏ పొర ఏం చేస్తుందో తెలిస్తే తప్పు ఎక్కడుందో బట్టే చెప్పేస్తుంది. నీ డార్క్ పేపర్‌లో అన్నిటికన్నా అడుగున ఉండేది మోసే కాగితం, మనం ఒలిచి పారేసేది. దానికి సిలికాన్ పూత ఉంటుంది, పైది సులువుగా ఊడి రావడానికి. దాని మీద వేడికి కరిగే గమ్ పొర, దాని మీద టైటానియం డయాక్సైడ్ కలిపిన తెల్ల పొర (నలుపు పైకి కనపడకుండా కప్పేది ఇదే), అన్నిటికన్నా పైన ఇంకు పీల్చుకునే పూత. లేత రంగు బట్టలకి వాడే పేపర్‌లో తెల్ల పొర ఉండదు. బొమ్మని అద్దంలోలాగా తిప్పి ప్రింట్ చేసి బోర్లా పెడతాం, అందుకే అక్కడ ఇంకు బట్ట వైపుకి పోయి దాని మీద ఫిల్మ్ కప్పుకుంటుంది. డార్క్‌లో ఆ కప్పు లేదు, ఇంకు నేరుగా సబ్బుకీ బ్రష్‌కీ దొరికిపోతుంది. నీ ఎరుపు వెలిసింది అందుకే.

కాబట్టి నువ్వు చెప్పిన మూడూ మూడు వేర్వేరు జబ్బులు. అంచు లేవడం గమ్ పొరది. పగుళ్లు తెల్ల పొరవి, ఎందుకంటే టీషర్ట్ అల్లిక బట్ట, లాగితే సాగుతుంది, ఆ పొర అంత సాగదు. రంగు వెలవడం ఇంకుది. మూడింటికీ కలిపి టెంపరేచర్ పెంచమని చెప్పడం సరైన సలహా కాదు, 200 దగ్గర పూత మాడి పసుపెక్కుతుంది, నువ్వు చూసింది అదే. ప్యాకెట్ మీద రాసిన వేడి, టైమ్ దాటొద్దు.

ఇప్పుడు ఒక పని చెయ్. లేచిన అంచుని ఇంకొంచెం పీకి, వెనక్కి తిప్పి ఫోన్ టార్చ్ వేసి చూడు. గమ్‌కి నల్ల నూగు అంటుకుని ఉంటే గమ్ బాగానే కరిగి పోగుల మధ్యకి దిగిందన్నమాట, అప్పుడు ఉతికే పద్ధతినో బట్టనో అనుమానించాలి. అలా కాకుండా నున్నగా మెరుస్తుంటే అక్కడ వేడైనా అందలేదు, ఒత్తిడైనా అందలేదు. చూసి ఇక్కడ రాయి.

సంచుల_అక్క (గుంటూరు)

పైన చెప్పినదంతా కరెక్ట్. నేను కాటన్ సంచుల మీద చేస్తాను, ఇంకో రెండు విషయాలు చెప్తాను.

ఒకటి తేమ. మామూలు గాలిలో ఉన్న కాటన్ తన బరువులో దాదాపు 8 శాతం నీళ్లు పట్టుకుని ఉంటుంది, పాలిస్టర్‌లో అర శాతం కూడా ఉండదు. వానాకాలంలో అయితే అడగక్కర్లేదు. పేపర్ పెట్టి ప్రెస్ దించగానే ఆ నీళ్లు ఆవిరై గమ్‌ని కింద నుంచి పైకి నెడతాయి, పైకి అంటినట్టే కనిపిస్తుంది గానీ లోపల పట్టు ఉండదు. అందుకని ముందు ఖాళీ టీషర్ట్‌ని ఐదారు సెకన్లు ప్రెస్ చేసి, ఎత్తి, ఆవిరి పోనిచ్చి, అప్పుడే పేపర్ పెట్టు బాబూ. దీన్ని చాలామంది పట్టించుకోరు, నా లెక్కలో సగం ఫిర్యాదులు ఇక్కడివే.

రెండోది ఇంకు. ఇంక్ ట్యాంక్ ప్రింటర్లలో చాలావాటికి రంగులు డై ఇంకువి, నీళ్లలో కరిగే రకం. పిగ్మెంట్ ఇంకు అయితే రంగు నలుసులుగా పూతలో ఇరుక్కుని ఉతుకులకి బాగా తట్టుకుంటుంది. నీది ఏదో తెలియకపోతే మామూలు కాగితం మీద ప్రింట్ తీసి, ఆరాక తడివేలితో రుద్ది చూడు, వేలికి రంగు పాకితే చాలావరకు డై అనుకోవచ్చు. ఇంకో మాట, ఇది ఇంక్‌జెట్ పేపర్ అయితే పొరపాటున కూడా లేజర్ ప్రింటర్‌లో పెట్టొద్దు, లోపలి వేడి రోలర్‌కి గమ్ కరిగి చుట్టుకుంటే ప్రింటర్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఇస్త్రీ_పెట్టె

మధ్యలో వస్తున్నా, ఏమీ అనుకోకండి. ప్రెస్ లేకుండా ఇస్త్రీ పెట్టెతో అవుతుందా? మా పాప పుట్టినరోజుకి ఒక్కటే కావాలి.

సంచుల_అక్క (గుంటూరు)

ఒక్కటే అయితే అవుతుందమ్మా. నీళ్లు పూర్తిగా తీసేసి ఆవిరి ఆపేయి, మెత్తటి ఇస్త్రీ బల్ల మీద కాకుండా గట్టి చెక్క మీద దుప్పటి పలచగా పరిచి, పైన బటర్ పేపర్ వేసి బరువంతా మోపి కొద్దికొద్దిగా జరుపుతూ వెళ్లు. అంచుల దగ్గర ఎక్కువసేపు ఉంచు. ఆవిరి రంధ్రాలున్న చోట వేడి తగలదు, అదొక్కటి గుర్తుపెట్టుకో.

స్క్రీన్_శీను (కరీంనగర్)

తమ్ముడూ, పేపర్‌ని ఎంత బాగుచేసినా నలభై పీసులకి అది సరైన దారి కాదని నా అభిప్రాయం. చవితికి కుర్రాళ్లు డాన్సులేస్తారు, చెమట పడుతుంది, నిమజ్జనంలో తడుస్తారు. ఏ4 సైజు ఫిల్మ్ ఛాతీ మీద అతుక్కుని ఉంటే గాలి ఆడదు, ఆ వేడికి పాపం వాళ్లు విలవిల్లాడతారు. వెనక కమిటీ పేరు ఒక్క రంగే కదా, అది స్క్రీన్ ప్రింటింగ్‌లో (జాలీ ఫ్రేమ్ గుండా ఇంకు దించే పద్ధతి) వేయించు. దానికి వాడే ప్లాస్టిసాల్ ఇంకుని 160 డిగ్రీల దగ్గర సరిగ్గా క్యూర్ చేస్తే (వేడికి గట్టిపడనిస్తే) టీషర్ట్ పాతబడుతుంది గానీ అక్షరం పోదు. ఫ్రేమ్ ఖర్చు ఒక్కసారే, నలభైకి పంచుకుంటే ఏమంత కాదు.

ముందు గణపయ్యకి రంగులెక్కువ కాబట్టి డీటీఎఫ్ (డైరెక్ట్ టు ఫిల్మ్) ప్రింట్ తెప్పించుకో. అది పెట్ అనే ప్లాస్టిక్ ఫిల్మ్ మీద రంగులు, వాటి మీద తెల్ల ఇంకు, ఆపైన గమ్ పౌడర్ చల్లి కరిగించి ఇస్తారు. డార్క్ పేపర్‌లో చేసే పనే ఇదీ చేస్తుంది, కానీ ఇంకు ఉన్నచోటే గమ్ ఉంటుంది, చుట్టూ ఖాళీ ఫిల్మ్ ఉండదు, సాగుడు కూడా ఎక్కువ. మీటరు లెక్కన ప్రింట్ చేసి ఇచ్చేవాళ్లు హైదరాబాద్‌లో చాలామంది ఉన్నారు, బొమ్మలన్నీ ఒకే షీట్‌లో సర్ది ఫైల్ పంపితే చాలు. నీ ప్రెస్ మీదే 150-160 దగ్గర పది పదిహేను సెకన్లు నొక్కుకోవచ్చు.

ఖమ్మం_కొత్తప్రెస్

అన్నలూ, అక్కా, అందరికీ థాంక్స్. టార్చ్ వేసి చూశాను. బొమ్మ మధ్యలో వెనకంతా నల్ల నూగు, పై అంచు మాత్రం అద్దంలా నున్నగా ఉంది. ప్రెస్ దగ్గరకి వెళ్లి టీషర్ట్ పరిచి చూస్తే కాలర్ కుట్టు, భుజాల కుట్లు ప్లేటు మీదే ఉన్నాయి, ఆ మందానికి పై ప్లేటు కొంచెం ఎత్తుగా ఆగి, సరిగ్గా పై అంచు దగ్గర ఒత్తిడి పడటం లేదు. ఇప్పుడు కాలర్‌ని ప్లేటు బయటికి వేలాడదీసి, ముందుగా ఆవిరి తీసి, ప్యాకెట్ మీద ఉన్న వేడికే నొక్కాను. నిన్నటి నుంచి ఉతుకుతున్నా, అంచు కదల్లేదు. తడివేలికి ఎరుపు పాకింది, అంటే డై ఇంకే. పగుళ్లు కాస్త తగ్గాయి గానీ లాగితే ఉన్నాయి.

ఆర్డర్‌కి శీనన్న చెప్పినట్టే ముందు డీటీఎఫ్, వెనక స్క్రీన్ అని రేటు చెప్పాను, ఒప్పుకున్నారు. మిగిలిపోయిన డార్క్ పేపర్ ప్యాకెట్ ఏం చేయను?

ప్రెస్సు_పాత (హైదరాబాద్)

శభాష్ తమ్ముడూ, కాలర్ సంగతి నువ్వే పట్టావు. జేబు, జిప్పు ఉన్నా ఇదే తంతు, వాటిని తప్పించలేనప్పుడు టీషర్ట్ లోపల సిలికాన్ ఫోమ్ ప్యాడ్ పెట్టు, ఎత్తుపల్లాలు అది మింగేస్తుంది.

పేపర్ పారేయకు. పుట్టినరోజు, సీమంతం లాంటి ఒకటీ రెండు పీసుల పనులకి ఇదే లాభం, ఫ్రేమూ షీటూ అక్కర్లేదు. బొమ్మ చుట్టూ ఖాళీ లేకుండా కత్తిరించు, మూలలు గుండ్రంగా తిప్పు, కోసుగా ఉన్న మూల దగ్గరే ముందు లేస్తుంది. ఇచ్చేటప్పుడు ఒక రోజు ఆగి ఉతకమను, తిరగేసి చల్లనీళ్లలో, బ్రష్ వద్దు, ఇస్త్రీ ప్రింట్ మీద పెట్టొద్దు. వాడనప్పుడు ప్యాకెట్‌ని జిప్ కవర్‌లో పెట్టి బల్లపరుపుగా ఉంచు. ఈ వానల్లో బయట వదిలేస్తే తేమకి కాగితం మెలితిరిగి ప్రింటర్‌లో ఇరుక్కుంటుంది.