తాబేళ్ళ ట్రాకింగ్ ప్లాన్ చేయడానికి విదేశీ అక్వేరియం దాకా వెళ్ళాలా?

ఉప్పునీళ్ళు:
సముద్ర తాబేళ్ళకు పది శాటిలైట్ ట్యాగులు పెట్టే చిన్న ప్రాజెక్టు ఒకటి మొదలుపెట్టాలని మా ముగ్గురి ఆలోచన. మొదటి పనిగా పోయిన నెల విదేశంలో ఒక అక్వేరియంకి వెళ్ళి నాలుగు రోజులు ఉండి వచ్చాం. వచ్చిన దగ్గర్నుంచి తెలిసినవాళ్ళందరిదీ ఒకటే మాట, తాబేళ్ళు ఉండేది సముద్రంలో అయితే గాజు తొట్టి చూడ్డానికి విమానం ఎక్కారా అని. నాకైతే ఆ నాలుగు రోజులు లేకపోతే ప్రాజెక్టు డబ్బంతా నీళ్ళపాలయ్యేదనిపిస్తోంది. కాదనేవాళ్ళు కారణం చెప్పండి, తిట్టినా పర్లేదు.

గట్టుమీదకాకి:
తిట్టడం ఎందుకు గానీ ఉప్పునీళ్ళు గారూ, నాలుగు రోజుల్లో మీరు చూసిందేమిటి? వేళకు చేప ముక్క నోటికందే తాబేలు. దానికి లోతుకు మునిగే పని లేదు, ప్రవాహానికి ఎదురీదే పని లేదు, వల భయం అసలే లేదు. దాన్ని చూసి సముద్రంలోది ఎటు పోతుందో ప్లాన్ వేస్తే అది వరండాలో సైకిల్ తొక్కి హైవే ట్రాఫిక్ గురించి చెప్పినట్టే. ట్యాగ్ ఎలా అతికించాలో మాన్యువల్ ఉంది, అర్థం కాకపోతే వీడియో కాల్ ఉంది. ముగ్గురి ప్రయాణం ఖర్చు పెట్టి ఇంకో ట్యాగ్ కొనుంటే ఇంకో తాబేలు దారి తెలిసేది. పది ట్యాగుల ప్రాజెక్టులో అది చిన్న సంగతేం కాదు.

ఉప్పునీళ్ళు:
మేం ఎందుకు వెళ్ళామో మీరు వేరేలా అనుకున్నారు. తాబేలు ఎటు పోతుందో చూడ్డానికి కాదండీ, ట్యాగ్ ఎందుకు పాడవుతుందో చూడ్డానికి. రెండో రోజు పొద్దున లాగర్‌హెడ్ జాతి పెద్ద తాబేలు ఒకదాన్ని గంటన్నర చూస్తూ కూర్చున్నా. నిద్రకు ముందు అది రాతి అంచు కిందకి దూరింది, దూరి ఊరుకోకుండా వీపుని పై రాతికి ఆనించి అటూ ఇటూ రెండు మూడు సార్లు రుద్దింది, చిప్ప మీది నాచు లేచి నీళ్ళలో పచ్చగా పొగలా కమ్మింది. మేం యాంటెన్నా పెడదామనుకున్నది సరిగ్గా అక్కడే. చిప్పలో ఎత్తైన చోటు కాబట్టి గాలిలోకి ముందు తేలేదీ అదే, రాతికి ముందు తగిలేదీ అదే. మాన్యువల్‌లో దీని గురించి ఉన్నది ఒక్క వాక్యం, ఎత్తైన చోట అతికించండి అని.

ఇంకోటి, ఊపిరి. స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే పైకి వచ్చి గాలి పీల్చుకుని మళ్ళీ మునగడానికి చాలాసార్లు రెండు సెకన్లు కూడా పట్టలేదు. ట్యాగ్ సిగ్నల్ పోయేది నీళ్ళ పైకి తేలినప్పుడే. దాన్ని అందుకునే ఆర్గోస్ శాటిలైట్లు కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తున ధ్రువాల మీదుగా తిరుగుతుంటాయి, ఒక్కోటి నెత్తి మీద ఉండేది పది నిమిషాలు. ఆ కాసేపట్లో నాలుగు సిగ్నళ్ళైనా అందితేనే నమ్మదగ్గ లొకేషన్ వస్తుంది, లేకపోతే ఎన్ని కిలోమీటర్ల తేడా ఉందో కూడా చెప్పలేని చుక్క ఒకటి మ్యాప్ మీద పడుతుంది. యాంటెన్నా కాస్త వెనక్కి వంగినా ఆ రెండు సెకన్లలో అది సరిగా పైకే రాదు. ఇదంతా వీడియో కాల్‌లో ఎవరూ చెప్పలేదు, చెప్పకపోవడం వాళ్ళ తప్పు కాదు, అడగాలని మాకే తెలీదు.

నత్తనడక:
కాకి గారూ, ఫ్లోరిడా పిల్ల తాబేళ్ళ సంగతి గుర్తుచేస్తా. గూట్లోంచి సముద్రంలోకి పోయిన పిల్లలు కొన్నేళ్ళ దాకా ఎక్కడ తిరుగుతాయో ఎవరికీ తెలిసేది కాదు. పరిశోధకురాలు కేట్ మాన్స్‌ఫీల్డ్ బృందం వాటికి పది గ్రాముల లోపు ఉండే సోలార్ ట్యాగులు పెట్టాలనుకుంది. ట్యాగ్ దొరికింది, జిగురు దగ్గర ఆగిపోయారు. పిల్ల గబగబా పెరుగుతుంది, చిప్ప పై పొర పొట్టులా లేస్తుంది, గట్టి ఎపాక్సీ జిగురు పెడితే అది పెరుగుదలకి అడ్డం. చివరికి అక్కరకొచ్చింది గోళ్ళ పార్లర్ మనిషి సలహా. గోరూ కెరాటిన్ అనే పదార్థమే, చిప్ప పొరా అదే, కాబట్టి ముందు గోళ్ళకి వేసే యాక్రిలిక్ ఒక పూత వేసి దానిమీద సాగే సిలికాన్‌తో అతికించారు. ఈ తంటాలన్నీ పడింది ట్యాంకుల్లో పెంచిన పిల్లల మీదే. ఆ తర్వాత సముద్రంలో వదిలిన 17 పిల్లల ఫలితాలు 2014లో వచ్చాయి, కొన్ని 200 రోజులకి పైగా సిగ్నల్ ఇచ్చాయి. అదే మొదటి రోజే సముద్రంలో వదిలుంటే? సిగ్నల్ ఆగిందంటే ట్యాగ్ ఊడిందా, తాబేలు చచ్చిందా, పైకి తేలిందో లేదో చూసే సెన్సర్ మీద నాచు పట్టి ట్యాగ్ ఇంకా నీళ్ళలోనే ఉన్నాననుకుంటోందా, కనిపెట్టే దారే లేదు.

గట్టుమీదకాకి:
జిగురు సంగతి ఒప్పుకుంటున్నా, ఆ మేరకు నేను తగ్గుతా. నా అసలు భయం వేరే. ఇలాంటి పర్యటనలు చివరికి ఎక్కడ తేలతాయంటే, మా దగ్గర పెరిగిన తాబేళ్ళు రెండిస్తాం, ట్యాగ్ పెట్టి వదలండి, ఫోటోలు బాగా వస్తాయి అంటారు. తర్వాత తొట్టి తాబేలు దారీ అసలు తాబేలు దారీ ఒకే మ్యాప్‌లో కలిసిపోతాయి. టెక్సాస్‌లోని గాల్వెస్టన్‌లో కెంప్స్ రిడ్లీ జాతి తాబేలు పిల్లల్ని 1978 నుంచి 1992 దాకా నెలల తరబడి తొట్లలో పెంచి వదిలారు, అవి మామూలు తాబేళ్ళలా బతికి గుడ్లు పెడుతున్నాయని రుజువు దొరక్క ఆ పని ఆపేశారు.

అలలలెక్క:
ఆపేశాక 1996లో అలా పెంచి వదిలినవి రెండు టెక్సాస్ తీరానికే వచ్చి గుడ్లు పెట్టాయి, అదీ చెప్పాలి కదా అన్నా. అదే ఏడాది మెక్సికోలోని బాహా కాలిఫోర్నియాలో అడెలిటా అనే లాగర్‌హెడ్‌ని ట్యాగ్ పెట్టి వదిలారు. దాదాపు పదేళ్ళు తొట్టిలో ఉన్న తాబేలు అది! 368 రోజుల్లో పసిఫిక్ మొత్తం దాటి జపాన్ దగ్గర తేలింది. బాహా తాబేళ్ళు జపాన్‌లో పుట్టినవేనని జన్యువుల్లో అప్పటికే తెలిసింది, కానీ ఒక తాబేలు ఈదుకుంటూ వెళ్ళడం అందరూ చూసింది అప్పుడే. ఇప్పుడు నగోయా పోర్టు అక్వేరియంలో పెరిగిన చిన్న లాగర్‌హెడ్‌లని ఓడలో తీసుకెళ్ళి ఉత్తర పసిఫిక్ నడిమధ్యలో వదులుతున్నారు, 2023లో మొదటి జట్టు 25, నాలుగేళ్ళలో మొత్తం 100 అని ప్లాన్. అంతకుముందు ట్రాక్ చేసిన 231లో అమెరికా ఖండం వైపు తీరానికి చేరినవి ఆరే. నీళ్ళు మామూలు కంటే వేడిగా ఉన్న కాలంలోనే వాటికి దారి తెరుచుకుంటుందా అన్నది వాళ్ళ ప్రశ్న.

గట్టుమీదకాకి:
తమ్ముడూ, నగోయా వాళ్ళకి ఒక ప్రశ్న ఉంది, దానికి ఒకే వయసు తాబేళ్ళు ఒకే చోట ఒకే రోజు వదలాలి, అలాంటివి ట్యాంకులోనే దొరుకుతాయి. సరిపోయింది. వీళ్ళ ప్రశ్న గుడ్లు పెట్టాక ఆడ తాబేళ్ళు ఎటు పోతాయనా? అయితే ట్యాంకు తాబేలు దానికి జవాబు కాదు. అడెలిటా దాటగలదని చూపించింది, ఎన్ని దాటతాయో చెప్పలేదు.

ఉప్పునీళ్ళు:
మాది అచ్చంగా అదే ప్రశ్న, గుడ్లు పెట్టాక ఎటు అని. తాబేళ్ళు ఇస్తామన్నారు కూడా, మీరెలా కనిపెట్టారో గానీ! ఇద్దరం వద్దన్నాం, మూడో ఆయన ఇంకా మాతో ముభావంగానే ఉన్నాడు. బదులుగా ఒకటి అడిగొచ్చాం. అదే బరువు, అదే ఆకారంలో పనిచేయని డమ్మీ ట్యాగ్ ఒకటి ఆ లాగర్‌హెడ్ చిప్పకి అతికించి మూడు నెలలు ఉంచమన్నాం, దానికి ఇబ్బందిగా ఉన్నట్టు కనిపిస్తే వెంటనే తీసేస్తారు. నిన్న ఫోటో పంపారు. పదకొండో రోజుకే యాంటెన్నా మొదట్లో వంగిపోయింది, ఎపాక్సీ మాత్రం చెక్కు చెదరలేదు. ఇప్పుడు పొట్టి యాంటెన్నాతో నాలుగు వేళ్ళు వెనక్కి జరిపి ఇంకోటి పెట్టమని రాస్తున్నాం.

గట్టుమీదకాకి:
ఆ ఫోటో ఇక్కడ పెట్టండి. వంగింది ముందుకా వెనక్కా?