కలివికోడి రోస్ట్ అంటే కాఫీనా, కూరనా?

అందరికి నమస్తే, మాది మహబూబ్‌నగర్. మా బామ్మర్ది అరకు నుంచి పచ్చి కాఫీ గింజలు తెప్పిచ్చి చిన్న మిషన్ల రోస్ట్ చేసి అమ్ముతున్నడు, ఒక్కో రకానికి కనబడకుంట పోతున్న పిట్ట పేరు పెడ్తడంట. మొదటిది కలివికోడి. ప్యాకెట్ మీద ఇంత లావు అక్షరాలతోని 'కలివికోడి రోస్ట్' అని డిజైన్ చేపిచ్చి వాట్సాప్‌ల పంపిండు, చూడంగనే నవ్వాగలే. పోనీ రోస్ట్‌కు తెలుగు మాట పెడ్దమంటే 'కలివికోడి వేపుడు', ఇది ఇంకింత ఘోరం. ఏం రాయమంటరో చెప్పుండ్రి.

– పక్కన ఉల్లిగడ్డ, నిమ్మకాయ బొమ్మ గూడ ఏపియ్యుమను అన్నా.

– కోడి అని ఉంటేనే కదా లొల్లి, 'బట్టమేక' అని పెట్టుండ్రి. అది గూడ తగ్గిపోయిన పిట్టనే, కృష్ణ దాటి కర్నూలు దిక్కు పోతే రోళ్ళపాడు, ఆడ దానికోసమే అభయారణ్యం పెట్టిండ్రు.

– తమ్మీ, 'బట్టమేక రోస్ట్' అంటే కోడి పోయి మేక ఒచ్చె, ఏం లాభం?

– నల్లగొండ నుంచి రాస్తున్న. పేరు మార్సకుండ్రి, మస్తు మంచి పేరది. కలివి అంటే ముండ్ల పొద, మన గుట్టలల్ల గూడ ఉంటది, నల్లటి చిన్న చిన్న పండ్లు, కోస్తే పాలు కారి పెదవులకు బంక బంక అంటుకుంటది. గసొంటి పొదలల్ల తిరిగే పిట్ట గనుక కలివికోడి. కోడి అన్నంత మాత్రాన కూరకోడే కావాల్నా, నీటికోడి లేదా, బొల్లికోడి లేదా? ఇంగ్లీషుల దాన్ని 1848ల కనిపెట్టిన జెర్డాన్ దొర పేరుతోనే పిలుస్తరు, మన పేర్ల అది ఉండే జాగ ఉన్నది. 1900 తర్వాత కనబడకపోతే ఇగ లేదనుకున్నరు, 1986ల కడప జిల్లల మళ్ల దొరికింది. రాత్రిపూట తిరిగే పిట్ట, పగలు పొద కింద కదలకుంట కూసుంటది, ఎట్ల దొరుకుతది మరి. పాత రికార్డులల్ల మన భద్రాచలం దిక్కు గూడ ఉన్నది.

అసలు తప్పు కోడిది గాదు, రోస్ట్‌ది. తెలుగుల పేరు ఎనుక రోస్ట్, వేపుడు, పులుసు ఏది పెట్టినా ముందున్నది ముక్కలైనట్టే లెక్క! చికెన్ రోస్ట్, బెండకాయ వేపుడు, చేపల పులుసు. అందుకే వేపుడును పిట్ట నుంచి ఎడంగ జరిపి గింజకు అంటియ్యాలె. పైన 'కలివికోడి కాఫీ', కింద 'దోరగ వేపిన అరకు గింజలు'. లైట్ రోస్ట్‌కు దోర కంటె మంచి మాట నాకైతే దొరకలే, పల్లీలు ఏంచేటప్పుడు రోజు అనే మాటనే.

– సార్ 'కలివి కాఫీ' అంటే అయిపోతది గదా, చిన్నగుంటది.

– అయిపోతది, పిట్ట ఎగిరిపోతది. కలివిపండ్లతోని చేసిన కాఫీ అనుకుంటరు.

– పోస్టు పెట్టినాయ్నే: సార్ చెప్పినట్టే ఫైనల్ చేసినం. డిజైన్ చేసినాయ్న మళ్ల పైసలు అడుగుతున్నడు, అది ఏరే ముచ్చట. ఇంకొకటి, డార్క్ రోస్ట్ గూడ ఉన్నది, దానికి 'మాడ్చిన గింజలు' అని రాసిండు మావోడు.

– మాడ్చిందంటె పైసలిచ్చి ఎవడు కొంటడయ్యా! 'నల్లగ వేపిన' అని రాయమను.