జొన్నలు ఇసురుడు, పట్టించుడు

మా నాయనమ్మది సూర్యాపేట దిక్కు పల్లె. పిండి పట్టే మిషన్, అదే గిర్ని, వచ్చినంక కూడా ఆమె “జొన్నలు ఇసిరినవా?” అనే అడిగేది. చిన్నప్పుడు నాకు నవ్వొచ్చేది. ఇసరడమంటే దూరం పారేయడం కదా, జొన్నలు ఎటు పారేస్తారు?

కానీ ‘విసరు’లో తిప్పడం, ఊపడం ఉంది. విసనకర్ర విసురుతాం. వడిసెల తల చుట్టూ గిరగిర తిప్పి వదులుతాం. ఇసుర్రాయి కూడా తిప్పేదే, కాకపోతే వదలం. 1946 తర్వాత, తెలంగాణ సాయుధ పోరాటం నాడు, మా దిక్కు పల్లెల్లో ఈ రెండు ఇసురుళ్లూ నడిచాయి: దొర గుండాల మీద, రజాకార్ల మీద వడిసెల, ఇంట్లో పోరాట దళానికి పిండి.

నాయనమ్మ చెప్పింది ఒకటి మరిచిపోను. అర్ధరాత్రి రాయి తిప్పితే వాడంతా వినపడుతుంది, ఎవరి కోసమని అడుగుతారు. అందుకే రాయి కింద గోనెసంచి పరిచి, కోడికూత దాకా ఆగేవాళ్లట. ఆ యాళ్లకు అందరి ఇండ్లల్లో రాళ్లు తిరుగుతుంటాయి. “నలుగురికి ఇసురుతున్నమో నలభై మందికో ఎవలకు ఎరుక బిడ్డా” అనేది.

మరి గిర్నిలో పిండి చేయించడానికి ‘పట్టించు’ అనే మాట ఎట్లా వచ్చింది? మీ ఊళ్లో ఏమంటారు?

— అన్నా, పాలమూరులో మేమూ గిర్నికి పోయి పట్టిస్తం. ‘పట్టు’ మిషన్ పని, ‘పట్టించు’ మన పని. చెయ్యి మనది కాదు కాబట్టి ‘ఇంచు’ చేరింది, అంతే.

— అంతే కాదనుకుంటా. గిర్ని రాకముందే ఆ ‘ఇంచు’ ఒక ఇంట్లో ఉంది, దొర ఉండే గడీలో. వెట్టికి ఆడవాళ్లను పిలిచి దంపించుకున్నరు, ఇసిరించుకున్నరు. మామూలు మనిషికి ఆ ‘ఇంచు’ గిర్నితోనే దొరికింది, అదీ పైసలిచ్చి.

— అక్కా, ఈ మాట నాకు తట్టనే లేదు! ఇంకొకటి: రెండో ప్రపంచ యుద్ధం నాడు నిజాం సర్కారు రైతుల దగ్గర లెవీ కింద తప్పనిసరిగా ధాన్యం వసూలు చేసింది కదా, దాన్ని మా పెద్దలు ‘లెవీ గల్ల’ అంటరు. దుకాణంలో గల్లపెట్టె కూడా అదేనా?

— అదే. ఉర్దూలో గల్లా అంటే ధాన్యం, పైసల పెట్టె కూడా. లెవీకి కొలిచినంక మిగిలిందే ఇసుర్రాయికి వచ్చేది. చిన్న రైతు ఇంట్లో ఎన్ని వాయిలు మిగిలేవో ఊహించుకో.

— ‘వాయి’ అన్నవ్ కాబట్టి అడుగుతున్న. ఒక్కసారికి రాయిలో పోసే పిడికెడు గింజలను మా అమ్మ వాయి అంటది. పాత తెలుగులో వాయి అంటే నోరు (వాతెర అంటే పెదవి). రాయి నోట్లో పెట్టే ముద్ద అనే కదా?

— నాకూ అట్లనే అనిపిస్తది. మా ఇంట్లో పై రాయి బొక్కను ‘నోరు’ అనే అంటరు.