ప్రాథమిక పాఠశాలలకు వచ్చే క్రీడా గ్రాంటును మీ బడుల్లో ఏ విధంగా ఖర్చు చేస్తున్నారు?

కొత్త_హెచ్‌ఎం (వర్ధన్నపేట వైపు):
అందరికీ నమస్కారం. ఈ విద్యా సంవత్సరం నుంచి ఒక ప్రాథమిక పాఠశాల బాధ్యతలు చూస్తున్నాను. ఐదు తరగతులకు ఇద్దరం ఉపాధ్యాయులం. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి నడిపే సమగ్ర శిక్ష పథకం కింద ప్రాథమిక పాఠశాలకు ఏడాదికి 5,000 రూపాయల క్రీడా గ్రాంటు ఉంటుందని మీ అందరికీ తెలిసిందే. ఆ మొత్తంతో ఏమి కొంటే పిల్లలకు నిజంగా పనికొస్తుందో అనుభవం ఉన్నవారు చెప్పగలరు. ఊళ్లో డిగ్రీ పూర్తిచేసి ఖాళీగా ఉన్న ఒక కబడ్డీ కుర్రవాడు ఉన్నాడు. ఆ డబ్బులో నుంచి అతనికి నెలకు కొంత ఇచ్చి సాయంత్రాలు పిల్లలను ఆడించమని అడగవచ్చునా? మా ఆవరణ మొత్తం నల్లరేగడి కావడంతో వానాకాలంలో పిల్లలు వరండా దిగలేకపోతున్నారు. దానికి కూడా ఏదైనా ఉపాయం ఉంటే తెలియజేయగలరు.

రేగడి_పంతులు (పరకాల వైపు, ప్రాథమిక తరగతులు చెప్పే ఎస్జీటీ):
ఏమి కొనాలన్నది తరువాతి మాట సార్, కొన్నవాటిని బీరువాలో నుంచి బయటికి ఎవరు తీస్తారన్నది ముందు తేల్చుకోండి. నేను ఇంతకు ముందు పనిచేసిన బడిలో రెండు ఫుట్‌బాళ్లు, ఒక వాలీబాల్ నెట్, డజను స్కిప్పింగ్ తాళ్లు, టెన్నికాయిట్ రింగులు అన్నీ ఉండేవి. బంతులకు చుట్టిన ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా, బీరువాలో పై అరలో, పాత జవాబు పత్రాల కట్టల పక్కన భద్రంగా ఉండేవి. పైనుంచి ఎవరైనా తనిఖీకి వస్తున్నారన్న కబురు అందిన రోజున వాటిని తీసి బల్ల మీద పేర్చేవారు, పిల్లలను వాటి వెనుక నిలబెట్టి ఫొటో తీసేవారు, మళ్లీ తాళం వేసేవారు. ఆ తాళం చెవి కోసం నేను ఎన్నిసార్లు అడిగినా ‘పోతే ఎవరు కట్టాలి?’ అన్న ఒక్క ప్రశ్నే ఎదురయ్యేది. పిల్లలు మాత్రం బడి వెనుక చిర్రగోనె, గోటీలు ఆడుకునేవారు. గ్రాంటు వచ్చిన బడికీ రాని బడికీ తేడా కనిపించాలంటే ముందు ఆ తాళం తీయాలి.

విశ్రాంత_లెక్కలు:
పోతే ఎవరు కట్టాలన్న ప్రశ్న వేసిన ఆ ప్రధానోపాధ్యాయుడిని తప్పు పట్టడం సులభమే. ఆడిట్ వచ్చినప్పుడు స్టాక్ రిజిస్టరు ముందు నిలబడేది ఎస్జీటీ కాదు. నేను విద్యాశాఖలో లెక్కల విభాగంలో ఉద్యోగ జీవితమంతా గడిపి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఒక మండలంలోని బడులన్నింటి వినియోగ ధ్రువపత్రాలు నా బల్ల మీదుగానే వెళ్లేవి. కాబట్టి నా మాట కాస్త శ్రద్ధగా వినండి. కొనుగోలుకు ముందు బడి కమిటీ తీర్మానం ఉండాలి. బిల్లు మీద దుకాణం జీఎస్టీ సంఖ్య ఉండాలి. చెల్లింపు ప్రభుత్వ ఆన్‌లైన్ చెల్లింపుల వ్యవస్థ అయిన పీఎఫ్ఎంఎస్ ద్వారా దుకాణం ఖాతాకు నేరుగా వెళ్లాలి. వస్తువు రాగానే స్టాక్ రిజిస్టరులో ఎక్కించి, ఆ పేజీ సంఖ్యను బిల్లు వెనుక రాయాలి. ఇక రెండో ప్రశ్నకు సమాధానం ఒక్క మాటలో చెబుతాను: అది ఆట సామగ్రి కొనడానికి ఇచ్చే గ్రాంటు, మనిషికి జీతం ఇవ్వడానికి కాదు. కుర్రవాడికి ఇవ్వాలనుకుంటే ఊళ్లో దాతను చూసుకోండి. 2021 తరువాత, పథకం డబ్బును రాష్ట్ర స్థాయిలో ఒకే ఖాతాలో ఉంచి బడికి ఖర్చు పరిమితి మాత్రమే ఇచ్చే ఏక నోడల్ ఖాతా పద్ధతి వచ్చింది కనుక పూర్వంలాగా డబ్బు బడి ఖాతాలో నిలువ ఉండదని, మార్చి 31 దాటితే ఖర్చు చేయని పరిమితి వెనక్కి పోతుందని కూడా గుర్తుంచుకోండి.

రేగడి_పంతులు:
పెద్దలు చెప్పిన పద్ధతిని నేను కాదనడం లేదు. అయితే అదే రిజిస్టరులో అరిగిపోయే వస్తువులకు వేరే భాగం ఉంటుందన్న సంగతిని మీరు ఎందుకు వదిలేశారో అర్థం కావడం లేదు. మా ఆవరణలో తుమ్మచెట్లు ఉన్నాయి. కొత్త ఫుట్‌బాల్ వారం తిరగకుండానే ముల్లు గుచ్చుకొని బ్లాడర్ పోతుంది. అది పోవడం నేరం కాదు, ఆడినందుకు సాక్ష్యం. కమిటీ సమావేశంలో ‘వాడకంలో పాడైనది’ అని తీర్మానం రాసి తీసేస్తే ఏ ఆడిటరూ అడ్డు చెప్పడు. కవరు విప్పని బంతిని చూసి మెచ్చుకోవడం, చిరిగిన బంతిని చూసి సంజాయిషీ అడగడం, ఇదెక్కడి న్యాయం?

విశ్రాంత_లెక్కలు:
తీర్మానంతో తీసేయవచ్చని నేనే చెప్పబోతున్నాను, మీరు తొందరపడ్డారు. వారానికొక బంతి చొప్పున తీసేస్తూ పోతే మాత్రం సంవత్సరానికి మీ 5,000 రూపాయలు బంతులకే చాలవు. ముందు తుమ్మచెట్లు కొట్టించండి.

ఆట_గంట (హన్మకొండ, వ్యాయామ ఉపాధ్యాయుడు):
రిజిస్టర్ల గొడవ ఆపి అసలు విషయానికి రండి. ప్రాథమిక పాఠశాలకు వ్యాయామ ఉపాధ్యాయుడే లేనప్పుడు సామగ్రి ఎంత కొంటే ఏమి లాభం? 2009 నాటి విద్యా హక్కు చట్టం షెడ్యూలులో కూడా వ్యాయామ విద్యకు పార్ట్ టైమ్ బోధకుడు ఆరు నుంచి ఎనిమిది తరగతులకే, అదీ వంద మందికి పైగా పిల్లలు ఉన్న చోటే. ఒకటి నుంచి ఐదు తరగతులకు మైదానమూ, ఆట సామగ్రీ ఉండాలన్నారు. ఆడించే మనిషి మాట ఎత్తలేదు. హైదరాబాద్ దగ్గరి హకీంపేట ప్రభుత్వ క్రీడా పాఠశాలలో ప్రవేశం నాలుగో తరగతిలో జరుగుతుంది. అంటే ఎంపికకు వెళ్లవలసిన పిల్లలందరూ ప్రాథమిక బడుల్లోనే ఉన్నారు, వాళ్లను గుర్తించవలసిన మేము ఉన్నత పాఠశాలల్లో ఉన్నాము. పర్వతగిరి మండలం కల్లెడ నుంచి వచ్చిన జీవంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో మేధోపరమైన వైకల్యం ఉన్నవారి 400 మీటర్ల టీ20 విభాగంలో కాంస్యం గెలిచింది. ఆమె పరుగును మొదట గమనించింది బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడే.
మరొక మాట. దయచేసి ఈ డబ్బుతో క్యారం బోర్డులు కొనకండి. పొద్దంతా తరగతిలో కూర్చున్న పిల్లవాణ్ణి ఆటల గంటలో కూడా కూర్చోబెట్టడానికి ప్రభుత్వ సొమ్ము ఎందుకు?

ములుగు_టీచరమ్మ:
ఆట గంట సార్, దీప్తి పేరు చెప్పినందుకు సంతోషమే. కానీ ఆమె చదివింది ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే బడిలో. అక్కడ వ్యాయామ ఉపాధ్యాయుడు ఉన్నాడు, ఇక్కడ లేడు. మీ వాదనకు అది బలమే గానీ మా గ్రాంటుతో దానికి సంబంధం లేదు. ఇక క్యారం బోర్డు విషయంలో మీతో ఏకీభవించలేను. మార్గదర్శకాల్లో ఇండోర్, అవుట్‌డోర్ రెండు రకాల ఆటల సామగ్రి అన్న మాట స్పష్టంగా ఉంది. మా వైపు వాన పట్టిందంటే రోజుల తరబడి విడవదు. మా బడిలో ఒక కాలు బలహీనంగా ఉన్న అబ్బాయి ఉన్నాడు. ఖోఖో ఆడేటప్పుడు గోడ పక్కన కూర్చొని అందరి చెప్పులకు కాపలా కాసేవాడు. క్యారం బోర్డు వచ్చిన తరువాత వాడితో ఆడటానికి పెద్ద పిల్లలు వరుస కడుతున్నారు. పౌడరు అయిపోతే సుద్దముక్క నూరి చల్లుకుంటారు, స్ట్రైకర్ పోతే పాత రెండు రూపాయల బిళ్లతో కొడతారు. దీన్ని కూర్చోబెట్టడం అంటారా?

ఆట_గంట:
ఒక్క పిల్లవాడి పేరు చెప్పి అందరినీ కూర్చోబెట్టడం న్యాయం కాదు మేడమ్. ఆ అబ్బాయికి విసిరే ఆటలు నేర్పవచ్చు. మెత్తని బంతి, రింగులు, గురి చూసి కొట్టే ఆటలు ఎన్నో ఉన్నాయి. క్యారం బోర్డు కొనేది వానకోసం కాదు, ఆడించే పని తప్పుతుందని. బోర్డు వేసి కూర్చోబెడితే ఉపాధ్యాయుడు రికార్డులు రాసుకోవచ్చు. నేను చూసిన బడుల్లో జరుగుతున్నది ఇదే.

ములుగు_టీచరమ్మ:
రికార్డులు మేము సరదాకు రాస్తున్నామని అనుకుంటున్నారా? ఉన్నత పాఠశాలలో ఒక్క పని మీద ఉండే మీకు, ఐదు తరగతులను రెండు గదుల్లో పెట్టుకొని, మధ్యాహ్న భోజనం లెక్క రాసి, ఫోనులో ముఖం చూపించి హాజరు వేసి, ఆ తరువాత ఆటల గంటకు విజిల్ పట్టుకునే మా పరిస్థితి ఎలా తెలుస్తుంది? ‘ఆడించే పని తప్పుతుందని’ అన్న మాట వెనక్కి తీసుకోండి.

ఆట_గంట:
మిమ్మల్ని ఉద్దేశించి అనలేదు. అయితే అలా జరుగుతున్న బడులు లేవని మీరు కూడా చెప్పలేరు.

రేగడి_పంతులు:
బోర్డు కొనేవారికి ఒక సూచన: ప్లైవుడ్ పలచగా ఉన్న చవక బోర్డు కొంటే మొదటి వానాకాలానికే చెమ్మ పట్టి మధ్యలో ఉబ్బుతుంది. ఆ తరువాత గోడకు ఆనించి పెట్టడానికి తప్ప పనికిరాదు.

లీడ్స్_నుంచి_హన్మకొండ_అబ్బాయి:
నేను ఇంగ్లండులో ఉంటున్నాను, మా పాప ఇక్కడి ప్రాథమిక బడిలో చదువుతోంది. ఇక్కడ కూడా ప్రాథమిక బడులకు వ్యాయామ విద్య, క్రీడల కోసం ప్రభుత్వం ప్రత్యేక నిధి ఇస్తూ వచ్చింది. 2013లో మొదలైంది, 2017లో శీతల పానీయాల మీద వేయబోయే పన్ను రాబడి కింద రెట్టింపు చేశారు. ఆ లెక్క ప్రకారం 17 మందికి తక్కువ కాకుండా పిల్లలున్న బడికి 16,000 పౌండ్లు, దాని మీద ఒక్కో పిల్లవాడికి 10 పౌండ్లు; అంటే 200 మంది పిల్లలుంటే 18,000 పౌండ్లు. దాన్ని ఎలా ఖర్చు చేశారో బడి తన వెబ్‌సైటులో పెట్టాలి. ప్రాథమిక బడిలో చివరిదైన ఆరో ఏడాది తరగతి పిల్లల్లో ఎంత శాతం మంది 25 మీటర్లు ఈదగలరో కూడా రాయాలి. మన దగ్గర కూడా ఇలాంటి పద్ధతి ఎందుకు పెట్టకూడదు?

రేగడి_పంతులు:
తమ్ముడూ, 18,000 పౌండ్లు ఎక్కడ, 5,000 రూపాయలు ఎక్కడ? మా ఊరి చెరువులో పిల్లలు 25 మీటర్లు కాదు, ఒడ్డు నుంచి ఒడ్డుకు ఈదుతారు, దానికి మాకు గ్రాంటు ఎవరూ ఇవ్వలేదు. అక్కడి ముచ్చట్లు ఇక్కడ చెప్పడం వల్ల ఉపయోగం లేదు.

లీడ్స్_నుంచి_హన్మకొండ_అబ్బాయి:
డబ్బు ఎంతన్నది కాదన్నా, లెక్క బయట పెట్టడం గురించి అన్నాను. ఇక్కడ మరో సంగతి కూడా ఉంది. బయటి కోచ్‌ను పెట్టుకొని తరగతి ఉపాధ్యాయులు టీ తాగడానికి వెళ్లకూడదని, కోచ్ పక్కన నిలబడి తామూ నేర్చుకోవాలని, డబ్బు ఆగిపోయినా పని ఆగిపోకూడదని ఆ నిధి నియమాల్లో ఉద్దేశం. మొదట అడిగిన సార్ ఊరి కుర్రవాడి సంగతి ఎత్తారు కనుక చెబుతున్నాను.

కమిటీ_అమ్మ (జనగామ వైపు):
లెక్క బయట పెట్టాలన్న మాట నాకు నచ్చింది. నేను మా ఊరి బడి పనులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలో ఉన్నాను. తీర్మానం పుస్తకం మీద సంతకం పెట్టమని ఇంటికి పంపిస్తారు, ఏమి కొన్నారో అడిగితే ‘ఆట సామాను అమ్మా’ అంటారు. ఒక ఏడాది నగదు రాలేదని, పైనుంచి ఒక సంచి నిండా సామగ్రే వచ్చిందని చెప్పారు. సంచి విప్పి చూస్తే పెద్దవాళ్ల కొలత వాలీబాళ్లు ఉన్నాయి. రెండో తరగతి పిల్ల ఆ బంతిని రెండు చేతులతో కూడా సరిగా ఎత్తలేదు. ఎవరు ఆర్డరు ఇచ్చారో, ఏ వయసు పిల్లల కోసం ఇచ్చారో ఎవరూ చెప్పలేదు. కొనే ముందు పిల్లల తల్లులను ఒక్కసారి అడిగితే ఏమి పోతుంది? వెబ్‌సైటు వద్దు, బడి గోడ మీద సుద్దతో రాసినా చాలు.

విశ్రాంత_లెక్కలు:
గోడ మీద రాయడం మంచిదే. అయితే సంతకం పెట్టేటప్పుడు ఏమి కొన్నారో చదివి పెట్టవలసిన బాధ్యత సభ్యురాలిదే అమ్మా. పుస్తకం ఇంటికి పంపితే తిప్పి పంపండి, సమావేశం పెట్టమనండి.

కొత్త_హెచ్‌ఎం:
మిత్రులారా, చాలా విషయాలు తెలిశాయి, కృతజ్ఞతలు. రేగడి నేల సంగతి మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. ఊళ్లో 2022లో ప్రభుత్వం పెట్టిన తెలంగాణ క్రీడా ప్రాంగణం అనే ఆటస్థలం ఒకటి ఉంది గానీ అది ఊరి చివర, పిల్లలను రోడ్డు దాటించి తీసుకెళ్లాలి. ఇద్దరిలో ఒకరు వెళితే బడిలో ఒక్కరే మిగులుతాము.

ములుగు_టీచరమ్మ:
సార్, మాదీ రేగడే. ఆవరణ మొత్తం బాగుచేయాలని చూడకండి, అది మన చేతిలో పని కాదు. వరండా ముందు పదడుగుల వెడల్పున మొరం పోయించండి. మా బడికి ఒక ట్రాక్టరు మొరం పంచాయతీ వారు పోయించారు, గ్రాంటు ముట్టుకోలేదు. బడి నిర్వహణకు ఏటా వచ్చే కాంపోజిట్ గ్రాంటులో పదో వంతు పరిశుభ్రతకు పోగా మిగిలినదానితో చిన్న మరమ్మతులు చేయవచ్చు కనుక, పంచాయతీ కుదరకపోతే అందులో నుంచి చేయించండి. ఆ పట్టీ మీద తొక్కుడు బిళ్ల గళ్లు, ఖోఖో గీతలు సున్నంతో కాకుండా రంగుతో వేయించండి. సున్నం ఒక్క వానకే పోతుంది. కొనడానికైతే మా వరుస ఇది: ముందు స్కిప్పింగ్ తాళ్లు, ఎందుకంటే ఆడపిల్లలు అడగకుండానే తీసుకుంటారు, తరువాత రింగులు, చిన్న కొలత రబ్బరు బంతులు, ఒక గాలి పంపు, దానికి సూదులు నాలుగైదు ఎక్కువగా. బంతి ఉండి సూది లేక మూలన పడిన బడులు ఎన్నో చూశాను. ఇద్దరు ఉపాధ్యాయులే కనుక మూడు, నాలుగు, ఐదు తరగతులను కలిపి ఒక జట్టుగా, ఒకటి రెండు తరగతులను వేరుగా ఆడించండి. పెద్ద పిల్లల్లో ఇద్దరికి విజిల్ ఇస్తే చిన్నవాళ్లను వాళ్లే చూసుకుంటారు.

ఆట_గంట:
మేడమ్ చెప్పిన వరుస బాగుంది, క్యారం బోర్డు లేదు కనుక మరీ బాగుంది. కొత్త హెచ్‌ఎం గారికి నేను చేయగలిగిన సాయం ఒకటి ఉంది. హకీంపేట ఎంపికలో చూసేవాటికి ఖరీదైన సామగ్రి అవసరం లేదు. నిలబడి దూకే లాంగ్ జంప్, ఆరు సార్లు పది మీటర్ల షటిల్ పరుగు, 800 మీటర్ల పరుగు, నిలువు దూకుడు. వీటికి ఒక టేపు, ఒక స్టాప్‌వాచ్, నాలుగు రాళ్లు ఉంటే సరిపోతుంది. మూడో తరగతి పిల్లలతో ఇప్పటి నుంచే కొలతలు తీయించి ఒక నోటుపుస్తకంలో రాయించండి. ఎవరు ముందున్నారో మీకే కనిపిస్తుంది. శనివారం మధ్యాహ్నం ఒకసారి నేను వచ్చి కొలతలు ఎలా తీయాలో మీకూ, మీ కబడ్డీ కుర్రవాడికీ చూపిస్తాను. నాకు గ్రాంటు ఏమీ అక్కర్లేదు.

విశ్రాంత_లెక్కలు:
సంతోషం. టేపు, స్టాప్‌వాచ్ మాత్రం అరిగిపోయే వస్తువుల్లో రాయకండి. అవి శాశ్వత సామగ్రి కిందికి వస్తాయి.

రేగడి_పంతులు:
అయితే ఆ స్టాప్‌వాచ్ కూడా బీరువాలోకే వెళుతుందన్నమాట.

కొత్త_హెచ్‌ఎం:
ఆట గంట సార్, వచ్చే శనివారం తప్పకుండా రండి. మా బడి వివరాలు మీకు విడిగా పంపుతున్నాను. మొరం గురించి రేపే సర్పంచ్ గారిని కలుస్తాను.