ఫోన్‌లో సెంటీమీటర్ల కచ్చితత్వం కావాలంటే బ్యాటరీ మీద ఆశ వదులుకోవాల్సిందేనా?

కొలతకర్ర:
నేను కాలినడకన తిరుగుతూ కాలిబాటలు, హద్దులు మ్యాపులోకి ఎక్కిస్తుంటాను. నా ఫోన్ జీపీఎస్ ఉపగ్రహాలు పంపే ఎల్1, ఎల్5 అనే రెండు రేడియో ఫ్రీక్వెన్సీలూ అందుకుంటుంది. బేస్ స్టేషన్ (తన చోటు ముందే కచ్చితంగా తెలిసిన రిసీవర్) పంపే సవరణలు నెట్ ద్వారా తెచ్చుకుని, ఉపగ్రహం దాకా దూరాన్ని రేడియో అలల లెక్కలో కొలిచే ఆర్‌టీకే పద్ధతిలో లెక్క కడతాను. డెవలపర్ ఆప్షన్లలో ఆండ్రాయిడ్ 9 నుంచి ఒక స్విచ్ ఉంది. అది వేస్తే రిసీవర్ మధ్యమధ్యలో నిద్రపోకుండా కొలుస్తూనే ఉంటుంది. అప్పుడు ఫలితం చాలా బాగుంటోంది, కానీ మధ్యాహ్నానికే బ్యాటరీ అడుగంటుతోంది. స్విచ్ తీసేస్తే రోజంతా వస్తుంది గానీ ఫిక్స్ (అలల సంఖ్య కచ్చితంగా తేలి సెంటీమీటర్ల ఫలితం రావడం) నిలబడదు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. డ్యూటీ సైక్లింగ్, అంటే రిసీవర్ ఇలా మధ్యమధ్యలో నిద్రపోవడం, దారి చూపించే ఆప్‌లకు సరిపోతుంది, కొలిచే పనికి పనికిరాదు. కచ్చితత్వం కోరేవాళ్లు దాన్ని పూర్తిగా మానేయాలి. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

అలలలెక్క:
ఫిక్స్ ఎందుకు పోతుందో మీ అందరికీ తెలిసే ఉంటుంది, అయినా అంకెల్లో చూద్దాం. ఎల్1 అల పొడవు 19 సెంటీమీటర్లు. మనకూ ఉపగ్రహానికీ మధ్య దూరం సెకనుకు 800 మీటర్ల దాకా మారుతుంది. రిసీవర్ 0.8 సెకను కళ్లు మూసుకుందంటే ఆ లోపు మూడు వేలకు పైగా అలలు దాటిపోవచ్చు. అలల లెక్క తప్పుతుంది, మళ్లీ మొదటి నుంచి.

కానీ అంతమాత్రాన "పూర్తిగా మానేయాలి" అంటే ఒప్పుకోను. ఉపగ్రహం ఎలా కదులుతుందో దాని కక్ష్య వివరాలతోనే చెప్పేయొచ్చు. ఫోన్ గడియారం చేసే తప్పు అన్ని ఉపగ్రహాలకూ ఒకటే కాబట్టి ఒకదాన్నుంచి ఇంకొకటి తీసేస్తే పోతుంది. మిగిలేది చేతి కదలిక ఒక్కటే. సెకను కూడా లేని వ్యవధికి యాక్సిలరోమీటర్, జైరోస్కోప్ ఆ మాత్రం చెప్పగలవు. ఎల్5లో అలను తిరగేసే డేటా బిట్లు లేని పైలట్ సిగ్నల్ కూడా ఉంది కాబట్టి సగం అల తేడా వచ్చే గొడవా ఉండదు. నిద్రను దాటించే వంతెన కట్టొచ్చు.

యాంటెన్నా:
అలలలెక్క గారూ, ఆ వంతెన ఖాళీ మైదానంలో నిలుస్తుంది. ఫోన్ యాంటెన్నా సంగతి మర్చిపోతున్నారు. ఉపగ్రహ సిగ్నల్ కుడివైపు తిరుగుతూ వస్తుంది. సర్వే యాంటెన్నా దానికి తగ్గట్టు తయారవుతుంది. ఫోన్‌లోది అలా కాదు, సగం శక్తి అక్కడే పోతుంది. పైగా గోడకు తగిలి ఎడమకు తిరిగి వచ్చిన సిగ్నల్‌నీ అది అంతే ఇష్టంగా తీసుకుంటుంది. నేను చెట్ల కింద రికార్డు చేసిన ఫైళ్లలో రిసీవర్ మెలకువగా ఉన్నప్పుడే లెక్క తెగిపోతోంది. దాని మీద ఊహ కూడా కలిపితే తప్పు ఫిక్స్ వస్తుంది. ఫిక్స్ రాకపోవడం కంటే అది చాలా ప్రమాదం, ఎందుకంటే నమ్మేస్తాం.

మెలకువ:
మీరంతా రిసీవర్ చుట్టూనే తిరుగుతున్నారు. కొలతకర్ర గారూ, స్విచ్ వేసినప్పుడు మిగతా ఫోన్ ఏం చేస్తోంది? ఎండలో పూర్తి వెలుగుతో స్క్రీన్. సెకనుకోసారి సవరణలు దిగుతున్నాయి కాబట్టి మోడెమ్‌కు విశ్రాంతి లేదు. ప్రతి కొలతకూ ప్రాసెసర్ లేస్తోంది. ఈ మూడింటి పక్కన ఉపగ్రహ చిప్ తాగేది తక్కువే. అసలు దొంగను వదిలేసి ఇంటివాడిని కొడుతున్నాం.

సవరణలు సెకనుకోసారి ఎందుకు? 2000 మే నెలలో జీపీఎస్‌లో కావాలని కలిపే తప్పును ఆపేశాక ఉపగ్రహ గడియారాల్లో తేడా చాలా నెమ్మదిగానే మారుతోంది. బేస్ దగ్గరగా ఉంటే 10 సెకన్ల పాత సవరణతో కూడా పని నడుస్తుంది. ఇంకా నయం, అక్కడికక్కడ లెక్క మానేసి రా కొలతలు (రిసీవర్ కొలిచినవి కొలిచినట్టే) రికార్డు చేసుకోండి. ఇంటికొచ్చాక ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకీ లెక్క కట్టొచ్చు. నడిచేటప్పుడు నెట్ అక్కర్లేదు.

కొలతకర్ర:
ఇంటికొచ్చాక లెక్క అన్నది నేను చేసి చూశాను. ఒక రోజంతా నడిచి వచ్చి ఫైలు తెరిస్తే సగం దారికి ఫిక్స్ లేదు. మళ్లీ అంత దూరం వెళ్లి నడిచాను. ఫిక్స్ ఉందో లేదో అక్కడే తెలియాలి. సవరణల సంగతి మాత్రం నాకు తట్టలేదు, ప్రయత్నిస్తాను.

ఇంకో సందేహం. ఎల్5 ఆపేస్తే కరెంటు మిగులుతుందని చాలామంది అంటారు. నిజమేనా?

అలలలెక్క:
సెకను లెక్కన చూస్తే నిజమే. ఎల్5 మీద వచ్చే కోడ్ (ఉపగ్రహం పంపే 0, 1ల వరస) ఎల్1 మీది మామూలు సీ/ఏ కోడ్ కంటే పది రెట్లు వేగం. కోడ్‌లో ఒక్కో ముక్క (దీన్నీ చిప్ అనే అంటారు) పొడవు 293 మీటర్లకు బదులు 29 మీటర్లే. దాన్ని పట్టుకోవాలంటే వెడల్పైన బ్యాండ్, ఎక్కువ శాంపిళ్లు, ఎక్కువ లెక్కలు. కానీ ఖర్చంటే శక్తి ఒక్కటే కాదు, ఎంతసేపన్నది కూడా. ఎల్1, ఎల్5 కలిపితే సుమారు 75 సెంటీమీటర్ల పొడవున్న అల దొరుకుతుంది. మధ్యలో ఎన్ని పూర్తి అలలున్నాయో ఆ పూర్ణాంకం తేల్చడం 19 సెంటీమీటర్ల అలతో కంటే ఎంతో తేలిక. ఫిక్స్ త్వరగా వస్తే త్వరగా ఆపేయొచ్చు. ఎల్5 తీసేసి పొదుపు చేద్దామనుకుంటే ఫిక్స్ కోసం అంతకంటే ఎక్కువ సేపు పోతుంది.

అందుకే బిందువులు కొలిచేవాళ్లకు నా సలహా: ఒకచోట నిలబడండి, రెండు ఫ్రీక్వెన్సీలూ పూర్తి మెలకువతో నడపండి, ఫిక్స్ రాగానే మొత్తం ఆపేయండి. ఆండ్రాయిడ్ 12 నుంచి నిర్విరామ ట్రాకింగ్ కావాలని ఆప్ తనంతట తానే అడగొచ్చు. ఫోన్ మొత్తానికీ స్విచ్ వేసి వదిలేయక్కర్లేదు.

కొలతకర్ర:
బిందువులకు ఒప్పుకుంటాను. వంపులు తిరిగే కాలిబాటకు అది కుదరదు, అడుగడుక్కీ ఆగలేం కదా.

నిన్న ఇలా చేశాను. నిర్విరామ స్విచ్ వేసే ఉంచాను. స్క్రీన్ ఆపేసి, ఫిక్స్ పోతే ఫోన్ ఒక శబ్దం చేసేలా పెట్టాను. సవరణలు 10 సెకన్లకోసారి. ఎప్పుడూ నడిచే దారే. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఇంకా చార్జి ఉంది. ఆరుబయట ఫిక్స్ నిలబడింది. మెలకువ గారు చెప్పింది నిజమే. అయితే నా మాట కూడా నిలిచింది, రిసీవర్‌ను మాత్రం నిద్రపుచ్చలేదు.

యాంటెన్నా:
ఆరుబయట అన్నారు. చెట్ల కింద ఎన్నిసార్లు శబ్దం వచ్చింది? అక్కడ ఎలాగూ ఫిక్స్ రానప్పుడు పూర్తి మెలకువతో నడపడం వృథాయే. సిగ్నల్ బలం పడిపోతే ఆప్ తనే నిర్విరామ ట్రాకింగ్ వదిలేసి, బయటికి రాగానే మళ్లీ అడగాలి. ఆ భాగం రా ఫైలు ఉంటే ఇక్కడ పెట్టండి. ఏ బలం దగ్గర వదిలేయాలో దాంట్లోంచే తేలుద్దాం.