కోల్‌కతాలో క్రిస్మస్: పార్క్ స్ట్రీటా, బో బ్యారక్సా?

ప్రశ్న: ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన మా పెద్దమ్మగారి ఇంటికి డిసెంబరు చివరి వారంలో వెళ్తున్నాము. అక్కడి నుండి ఒక సాయంత్రం కోల్‌కతా వెళ్లి, బెంగాలీలు ‘బొడోదిన్’ అని పిలుచుకునే క్రిస్మస్ సందడిని చూడాలని ఉంది. మా వెంట డెబ్బై ఏళ్ల అమ్మ కూడా ఉంటారు. ఎక్కడికి వెళ్లడం మంచిదో దయచేసి చెప్పగలరు.

జవాబు 1: పార్క్ స్ట్రీట్ దీపాల అలంకరణ చూడవలసినదే. కానీ 24, 25 తేదీల రాత్రుల్లో అక్కడ అడుగు తీసి అడుగు వేయడం కష్టం కాబట్టి, అమ్మగారితో అయితే 22నో 23నో వెళ్లండి. 1927 నాటి ఫ్లూరీస్ అనే టీ, కేకుల దుకాణం కూడా ఆ వీధిలోనే ఉంది.

జవాబు 2: నా ఓటు బో బ్యారక్స్‌కే. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో సైనికుల కోసం కట్టిన ఆ ఎర్ర ఇటుకల మూడంతస్తుల ఇళ్లలో తరతరాలుగా ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు నివసిస్తున్నాయి; పండుగ రోజుల్లో ఇళ్ల మధ్యనున్న సందంతా దీపాలతో, పాటలతో, ఇంట్లో చేసిన కేకుల వాసనతో నిండిపోతుంది. సెంట్రల్ మెట్రో స్టేషన్‌లో దిగితే నడిచి వెళ్లవచ్చు. అయితే అది జనం కాపురముంటున్న చోటు, అనుమతి లేకుండా ఫొటోలు తీయకండి.

జవాబు 3: న్యూ మార్కెట్‌లోని నాహూమ్స్‌ను మరచిపోకండి. 1902లో ఒక యూదు కుటుంబం ప్రారంభించిన ఆ బేకరీ ముందు ప్లమ్ కేకు కోసం పెద్ద వరుస ఉంటుంది. వరుసలో మీరు నిలబడండి, అమ్మగారిని మాత్రం ఎక్కడైనా కూర్చోబెట్టండి.