మిర్చి యార్డు మీద పీహెచ్‌డీకి అమెరికా ప్రశ్నావళి పనికొస్తుందా?

మేనేజ్‌మెంట్‌లో పీహెచ్‌డీ చేస్తున్నానండి. గుంటూరు మిర్చి యార్డులో రైతుకీ కమీషన్ ఏజెంటుకీ మధ్య నమ్మకం నా టాపిక్. మా గైడ్ గారు అమెరికాలో తయారైన ప్రశ్నావళే వాడమంటున్నారు. అందులో సగం రాతపూర్వక ఒప్పందాల గోలే. ఇక్కడేమో పెట్టుబడికి అప్పిచ్చేదీ, సరుకు అమ్మిపెట్టేదీ చాలాసార్లు ఆ ఏజెంటే. అంతా నోటిమాట మీదే. "ఒకటి నుంచి ఐదులో ఎంత నమ్ముతారు?" అనడిగితే ఓ రైతు నవ్వి, "నమ్మకపోతే అప్పెవరిస్తారమ్మా?" అన్నాడు. దీనికి ఏ గడిలో టిక్కు పెట్టను?

అహ్మదాబాద్, కలకత్తా ఐఐఎంలు 1961లో మొదలై హార్వర్డ్, ఎంఐటీల సాయంతో ఎదిగాయి, ఆ పద్ధతులే మనకి అలవాటయ్యాయి, సరే. కానీ ఇంటర్వ్యూలతో కేస్ స్టడీగా రాస్తే థీసిస్ నిలబడుతుందా? ప్రశ్నావళిని మార్చుకున్నవాళ్లు వైవాలో ఎలా సమర్థించుకున్నారు? డబ్బు కడితే అచ్చేసే జర్నళ్లు మాత్రం చెప్పకండి, ప్లీజ్.